వెనక్కి తిరిగిన మనిషి

తమ్ముడు పనిచేసే పడవ తుఫానులో బోల్తాపడిందని రేవు ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు. పడవలో ఇంజను చూసుకునేది వాడే. మిగతావాళ్ళ శవాలు దొరికాయి, వాడిది దొరకలేదు. దొరకలేదు కాబట్టి బతికే ఉన్నాడని పట్టుకుని కూర్చుంది వాళ్ళక్క.

ఆవిడకి రేవు వీధిలో చిన్న బ్యూటీ పార్లరు ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. తన పెళ్ళి మాట ఎవరెత్తినా "వాడు ఒక ఒడ్డున పడనీండి" అనేది. వాడికి పని దొరికింది, పెళ్ళయింది. ఈలోపు ఆవిడ జుట్టు నెరిసింది. "ఊరందరికీ రంగేస్తావు, నీ తల మాత్రం నీకు పట్టదేంటక్కా" అని ఏడిపించేవాడు.

పార్లరు పక్కన కళ్ళజోళ్ళ కొట్టు పెద్దావిడకి టారో అనే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పడం వచ్చు. వీధంతా ఆవిణ్ణి అద్దాల పిన్ని అంటారు. అక్క వెళ్ళి ఆవిడ ముందు కూర్చుంది.

"వాడున్నాడో లేదో చూసి చెప్పు పిన్నీ."

"చావుబతుకుల సంగతి నేను చూడనమ్మా."

"అయితే నాకు నేర్పు. నేనే చూసుకుంటాను."

ఆ మొహం చూసి పిన్ని కాదనలేకపోయింది. పేక కలపడం నేర్పింది. "అర్థాలు బట్టీ పట్టకు. ముందు బొమ్మ చూడు. మనిషి ఎటు నడుస్తున్నాడు, చేతిలో ఏముంది, వెనక ఏం వదిలేశాడు" అని చెప్పింది. మృత్యువు కార్డొస్తే చావని కాదు, ఏదో ఒకటి ముగిసిందని, అంతేనంది.

"ముగియడమంటే అదే కదా పిన్నీ?"

పిన్ని పేక సర్ది ఆవిడ చేతిలో పెట్టింది. "ఒక్కటి గుర్తుపెట్టుకో. అడిగిందే మళ్ళీ అడక్కు" అంది.

అక్క అడిగిందే అడిగింది. ఒకరి జుట్టు కత్తిరించి, ఇంకొకరు కూర్చునేలోపు ఓ కార్డు తీసేది. నక్షత్రం వస్తే ఆ పూట అన్నం సయించేది. కూలిపోయే గోపురం వస్తే మళ్ళీ కలిపేది. చివరికి మృత్యువు కార్డుని పేకలోంచి తీసేసి దువ్వెనల సొరుగులో పడేసింది. అది పిన్ని కంటబడింది.

"ముక్క దాచేసి ఎవరితో ఆడుతున్నావే?" అంది మెల్లగా.

రేవువాళ్ళు వెతకడం ఆపేశారు. ఆ వారంలోనే మరదలు పార్లరుకి వచ్చింది.

"వదినా, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నా. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో పనిస్తామన్నారు. నీ కార్డుల్లో ఒకసారి చూడు, వెళ్ళమంటాయో లేదో."

అక్క కత్తెర పక్కన పెట్టింది. ఈ పిల్ల పెట్టె సర్దుకుందంటే వాడు పోయాడని ఇంట్లో వాళ్ళే ఒప్పుకున్నట్టు. పేక కలిపి ఓ కార్డు తీసింది. వరసగా పేర్చిన కప్పులు. వాటిని వదిలేసి, మనవైపు వీపు పెట్టి కొండల్లోకి నడిచిపోతున్న మనిషి. ఇక్కడ ఇంకేం లేదు, కదులు అని దాని అర్థం. నిన్నగాక మొన్న నేర్చుకున్న అక్కకి కూడా తెలుసు.

"ఏమంటోంది వదినా?"

"వెనక్కి తిరిగాడు చూడు. తిరిగొస్తున్నాడన్నమాట. నిన్ను ఉండమంటోంది."

మరదలు ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "సరే" అంది.

ఉండిపోయింది. ఫ్యాక్టరీ పని వేరేవాళ్ళకి పోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. జుట్టు అట్టలు కట్టినా వదిన చేత దువ్వించుకునేది కాదు. ఓ పొద్దున స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ పెడుతూ నర్సు "ఇంట్లో ఈమెని చూసేవాళ్ళెవరూ లేరా?" అని అడిగింది. అక్క తల దించుకుంది.

నర్సు వెళ్ళాక మంచం పక్కన కూర్చుని చెప్పేసింది. "ఆ కార్డు నిన్ను వెళ్ళమంది. నేనే తిప్పి చెప్పాను."

"తెలుసు వదినా. బొమ్మ చూస్తే తెలియదా?"

"మరెందుకు ఉండిపోయావే?"

"అబద్ధం చెప్పైనా నన్ను ఉంచుకోవాలనుకున్నావు. నిన్నొక్కదాన్నీ వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు." తనే మళ్ళీ అడిగింది. "ఆయన ఇంక రాడు కదా?"

రాడు అనడానికి అక్కకి నోరు రాలేదు. వస్తాడనీ అనలేకపోయింది. సంచీలోంచి దువ్వెన తీసి ఆ పిల్ల జుట్టు చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఈసారి మరదలు వద్దనలేదు.

కాస్త కోలుకున్నాక మరదల్ని అక్కే వాళ్ళమ్మ ఊరి బస్సెక్కించి వచ్చింది. పని ఇంకా దొరకలేదట, వెతుక్కుంటోంది. ఫోన్ చేస్తుంది గాని కార్డుల మాట ఎత్తదు.

అక్క మానలేకపోయింది. పొద్దున పార్లరు తలుపు తీయగానే ఓ కార్డు తీస్తుంది, అదే ప్రశ్న. మళ్ళీ కలపడం మాత్రం మానేసింది. ఏదొస్తే దాన్ని అద్దానికి ఆనించి పనిలో పడుతుంది. కొన్ని రోజులు కత్తెర చేతిలో ఉండగానే కళ్ళు కారిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడి లేవబోతారు. పాతవాళ్ళు కళ్ళు మూసుకుని, ఆవిడ మళ్ళీ మొదలుపెట్టేదాకా కదలకుండా కూర్చుంటారు.