పిన్ని గీసిన గీతలు

మా పిన్నికి నేల మెరవాలి. వాళ్ల హాల్లో వంగి చూస్తే మన ముఖమే కాదు, పొద్దున తల సరిగా దువ్వుకోలేదన్న సంగతి కూడా కనిపించాలి. చెప్పులతో గడప దాటారా, ఒంటికాలి మీద లేస్తుంది. నేను ఆ ఇంట్లోనే పెరిగాను కాబట్టి పిల్లిలా నడవడం చిన్నప్పుడే వచ్చేసింది.

బాబాయ్ అలా కాదు. బస్సు డ్రైవరుగా ఉద్యోగమంతా గతుకుల రోడ్ల మీదే గడిపాడు. నేల మనిషిని నిలబడనిస్తే చాలు, మెరవకపోయినా ఆయనకు పేచీ లేదు.

అలాంటి మనిషి సొంత ఇంటి ముందే జారిపడ్డాడు. వాళ్ల ఇల్లు వీధికన్నా ఎత్తులో ఉంటుంది. గేటు నుంచి వరండా దాకా ఏటవాలు మట్టిదారి. కిందటి వానలకి అదంతా బురదైంది. బాబాయ్ స్కూటరు దించబోయి, స్కూటరుతో సహా పడ్డాడు. తుంటి విరిగింది. డాక్టరు ప్లేటు వేశాడు, ఎముక అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. ఇంట్లో కర్ర పట్టుకుని బాగానే తిరిగేవాడు గానీ, వరండా మెట్టు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగేవాడు. వీధి చివర టీ కొట్టులో ఆయన కోసం ఎదురుచూసి చూసి ఒకప్పుడు కలిసి పనిచేసిన కండక్టరు తనే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. బాబాయ్ కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. ఇక ఈయన గేటు దాటడేమోనని పిన్నికి దిగులు పట్టుకుంది. నాకూ అదే భయం.

"కలకాలం చెక్కుచెదరని దారి వేయిస్తాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మీరే వెళ్లొద్దురు గాని," అంది పిన్ని ఒకరోజు.

మేస్త్రీని పిలిపించింది. మెత్తటి మట్టంతా తవ్వి తీయించి, కంకర పరిపించి దిమ్మిస కొట్టించింది. ఇనుప చువ్వలు అల్లించి పైన కాంక్రీటు పోయించింది. వాన నీళ్లు ఒక పక్కకు పోయేలా వాటం పెట్టించింది. మేస్త్రీని ఊపిరి తీసుకోనిస్తే ఒట్టు.

చివర్లో ఆవిడ బుద్ధి బయటపడింది. "పైన నున్నగా రుద్దు. అద్దంలా ఉండాలి," అంది. మేస్త్రీకి కావలసిందీ అదే. పొడి సిమెంటు చల్లి, తాపీతో రుద్ది రుద్ది హాల్లో నేలకు పోటీగా తయారుచేశాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

"ఏవండీ, చూశారా?"

బాబాయ్ కిటికీలోంచి చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది. దీని మీద నేను అడుగు పెట్టను."

"అదేం మాట?"

"వాన పడ్డాక నున్నటి రోడ్డు మీద బస్సే నా మాట వినేది కాదు. ఈ కాలు వింటుందా? ఫ్రేము కట్టించి గోడకి తగిలించు, కూర్చుని చూసుకుంటాను."

పిన్ని మూతి ముడుచుకుంది. ఆయన మాటలో వెటకారం ఉంది గానీ, చేతులు కుర్చీని వదల్లేదు. అవి ఆవిడ కంటపడ్డాయి.

మేస్త్రీ చేతులు కడుక్కుంటూ, "ఏదైనా మార్చాలంటే ఇప్పుడే చెప్పండమ్మా. ఇంకాసేపైతే గట్టిపడిపోతుంది," అన్నాడు.

పిన్ని విసవిసా పెరట్లోకి వెళ్లి గట్టి చీపురు పట్టుకొచ్చింది. దారికి అడ్డంగా వేసిన చెక్క మీద నిలబడి, ఈ అంచు నుంచి ఆ అంచుకి చీపురు లాగింది. ఆ నునుపు మీద గరుకు గీతలు పడ్డాయి.

"అయ్యో అమ్మా! ఒళ్లు హూనం చేసుకుని రుద్దానే!" అని మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"నువ్వు బాగానే చేశావయ్యా. అడిగింది నేను. తప్పు నాదే," అంటూ ఇంకో వరస లాగింది.

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు. బాబాయ్ కూడా ఉలిక్కిపడినట్టున్నాడు. మెడ చాచి, "ఎడమ పక్క వదిలేశావు," అని కిటికీలోంచే అందించాడు.

"కనబడుతోంది లెండి!" అని కసిరింది పిన్ని.

ఆ తర్వాత తడి గోనెసంచులు కప్పి ఆ దారిని చంటిపిల్లలా సాకింది. పూటపూటా తడిపేది. అటు కాలు పెట్టబోయినవాళ్లని కడిగిపారేసేది.

సంచులు తీసేసిన కొన్నాళ్లకే వాన దంచికొట్టింది. అది పూర్తిగా వెలవకముందే బాబాయ్ కర్ర తీసుకుని లేచాడు. పిన్ని చెయ్యి అందించబోతే, "నువ్వుండు," అన్నాడు. మెట్టు దిగి, గీతల మీద చెప్పు ఆనించి గట్టిగా నొక్కి చూశాడు. బస్సు తీసేముందు బ్రేకు నొక్కి చూసేది కూడా అలాగేనేమో. కాలు జారలేదు. ఇంకో అడుగు వేశాడు, ఆగాడు, మళ్లీ వేశాడు. మేమిద్దరం ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూస్తున్నాం. గేటు గడియ తీసిన చప్పుడు వినిపించాక హమ్మయ్య అనుకున్నాను. పిన్ని వరండా స్తంభం పట్టుకుని ఏడ్చేసింది. అన్నాళ్ల దిగులూ ఒక్కసారి దిగిపోయినట్టుంది.

ఆయన టీ కొట్టు నుంచి తిరిగొచ్చేసరికి చెప్పులనిండా వీధి బురద. సంతోషంలో వాటిని విప్పడం కూడా మర్చిపోయి, దారంతా నడిచి, గడప దాటి, హాల్లో కిటికీ దాకా అడుగులు వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మెరిసే నేల మీద అన్ని మట్టి అడుగులు నేనెప్పుడూ చూడలేదు. పిన్ని అరుపులకి ఇల్లు ఎగిరిపోతుందని భయపడి గబగబా గుడ్డ అందుకున్నాను.

పిన్ని నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"ఉండనీవే," అంది.