జయరావు బావ బొమ్మిడాయిలు

మా అక్క దేవకుమారిని చేసుకున్న జయరావు బావకి చిలకలూరిపేటలో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉండేది. ఎనభైల్లో పేటలో పెళ్లయిన జంటల్లో సగం ఆయన చేతిమీదుగానే గోడలెక్కాయి. అలాంటి మనిషి, సొంత ఇంట్లో పెళ్లికూతురెవరో పెళ్లికొడుకెవరో తెలియక రెండేళ్లు జుట్టు పీక్కున్నాడు. చేపల సంగతి చెబుతున్నాను.

కొట్లో మిగిలిన అద్దాలను ఇనుప చట్రంలో బిగించి, లప్పం పెట్టి, ముందుగదిలో తొట్టి కట్టాడు. ఊళ్లో డబ్బున్నవాళ్లు మద్రాసు నుంచి ఎర్రచేపలు తెప్పించుకుంటుంటే ఈయన పెంచింది బొమ్మిడాయిలను! పులుసులో ఉండాల్సిన వాటిని అద్దాల మేడలో పెట్టాడు. పోనీ కంటికి కనిపిస్తాయా అంటే అదీ లేదు. పగలంతా ఇసుకలో దూరి ముక్కుమొనలు మాత్రం బయటపెట్టేవి. చూడ్డానికి వచ్చినవాళ్లు "చేపలేవండీ?" అని అడిగేవారు. "ఉన్నాయండీ, కాసేపు కూర్చోండి" అని బావ కాఫీ పెట్టించేవాడు. పెట్టేది నేను. టీచర్ ట్రైనింగ్ చదువుతూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని కాబట్టి ఆ తొట్టిని తిట్టుకునే హక్కు నాకుంది.

ఆయన కోరికల్లా ఒక్కటే. ఆ తొట్టిలో బొమ్మిడాయిలు గుడ్లు పెట్టాలి, పిల్లలు కావాలి. ఎందుకు బావా అంటే, "అందరూ దీని చావే చూశారు మరదలు పిల్లా. పుట్టుక ఎవరూ చూళ్లేదు" అనేవాడు.

కానీ బొమ్మిడాయిల్లో ఆడేదో మగేదో పైకి చూస్తే తెలిసి చావదు. ఒకసారి మచ్చలు చూసి, ఒకసారి ముక్కు పొడుగు చూసి జంట కట్టేవాడు. ఆ జంటేమో చెరో మూలా చేరి అలిగినట్టు పడుకునేది.

"బావా, వాళ్లిద్దరూ తోడల్లుళ్లేమో చూడు" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు గానీ మొహం చిన్నబోయేది.

అద్దంకి దగ్గర మా పల్లెలో మా అమ్మ పున్నమ్మ మిరపకోతలకు వెళ్లేది. ఆ ఏడు వానలు మొదలయ్యాక ఎండుమిరపకాయల మూటతో పేటలో దిగింది. అక్కా నేనూ చర్చిలో స్త్రీల కూడికకు పోయాం, బావ కొట్లో ఉన్నాడు. మా పల్లెలో బొమ్మిడాయిలు దొరికితే వండేదాకా చావకుండా కుండలో నీళ్లు పోసి ఉంచుతారు. అల్లుడు కాస్త ఉన్నవాడు గనక అద్దాల కుండ చేయించాడనుకుంది అమ్మ. ఇసుకలో చెయ్యి పెట్టి మూడు తీసింది. బూడిదతో రుద్ది, కడిగి, కొత్త కారం వేసి పులుసు పెట్టింది.

బావ అన్నంలో పులుసు కలుపుకున్నాక గానీ తొట్టి వైపు చూడలేదు. ఇసుకంతా చెదిరి ఉంది. కంచం ముందు నుంచి లేచిపోయాడు. కలిపిన అన్నం వదిలి అల్లుడు లేచిపోవడం మా వైపు చిన్న సంగతి కాదు.

"నా చేతి కూడు అంత చేదయిందా? ఇంక ఈ గడప తొక్కను" అని అమ్మ తెల్లారేసరికి బస్సెక్కింది. నేను మాత్రం శుభ్రంగా తిన్నాను. దాచడం దేనికి, ఆ పులుసు అమృతం.

క్రిస్మస్‌కు కూడా అమ్మ రాలేదు. అక్క కొత్తచీర కట్టుకుని ఏడుస్తూనే ఆరాధనకు వచ్చింది. బావ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ మూడింటి కడుపుల్లోనూ జన ఉంది, తెలుసా? అల్లుడు జన ఇష్టంగా తింటాడని, గుడ్లు పట్టినవే వెతికి వెతికి తీసింది మా అమ్మ" అని కడిగేశాను.

"మూడింట్లోనూనా?" అన్నాడు. "చూసే తీసిందా?" అని మెల్లగా మళ్లీ అడిగాడు.

మరుసటి వానలకు ఓగేరు వాగులో పట్టిన బొమ్మిడాయిలను కుండలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మా పల్లెకు బయల్దేరాడు. కుండ అమ్మ ముందు పెట్టి, "అత్తా, కూరకు తియ్యి" అన్నాడు.

అమ్మ మొహం తిప్పుకునే కుండలో చెయ్యి పెట్టింది. వేళ్లతో పొట్టలు తడిమి, కొన్ని తీసి గిన్నెలో వేసింది. "ఇయ్యి జన పట్టినయ్. ఆ మిగతాయి మగయ్యి, చప్పగా ఉంటయ్."

బావ గిన్నె వైపు కాసేపు చూసి, దాన్ని ఎత్తి మళ్లీ ఆ కుండలోనే వంపేశాడు.

"అదేంది అల్లుడూ! ఇప్పుడేగా ఏరింది!"

"మళ్లీ కలిసిపోయినయ్ అత్తా. నాకేమో తెలవదు. పేట వచ్చి నువ్వే ఏరాలి."

అమ్మ తిట్టింది. తిడుతూనే చీర మార్చుకుంది, తిడుతూనే బస్సెక్కింది. బావ ఎవరినైనా క్షమాపణ అడగడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడు అమ్మ ఏరిన జంటలు తొట్టిలో ఒకదాని వెంట ఒకటి పడి తిరిగాయి. పైన తేలుతున్న గుర్రపుడెక్క వేళ్లకు గుడ్లు అంటుకున్నాయి. తర్వాత నూలుపోగుల్లాంటి పిల్లలు కదిలాయి. బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ తొట్టి ముందు పీట వేసుకుని, "ఇంకీ ఇంట్లో బొమ్మిడాయి పొయ్యెక్కదు" అని తీర్పు చెప్పేసింది. ఇప్పటికీ తొలకరి పడితే నాకు ఆ ముందుగదే గుర్తొస్తుంది. వానచప్పుడు, తడి ఇసుక వాసన, అద్దానికి ముక్కులానించి వాదించుకునే అత్తా అల్లుడూ. మళ్లీ ఒక్క పూట అక్కడ కూర్చుని వాళ్లకు కాఫీ పెట్టాలనిపిస్తుంది.

ఎనభై తొమ్మిది వానల్లో అమ్మ బావ ఇంట్లోనే మంచాన పడింది. ఏం పెట్టినా నోటికి పోలేదు. ఒకరోజు, "బొమ్మిడాయి పులుసు తినాలనుందే" అంది నాతో. వెంటనే నాలుక కరుచుకుని, "వద్దులే, అల్లుడు వింటాడు" అంది.

బావ విన్నాడు. తొట్టి దగ్గరికి వెళ్లి ఇసుకలో చెయ్యి పెట్టాడు. ఒక్కోదాని పొట్టా అమ్మ తడిమినట్టే వేళ్లతో తడిమి, ఆ తొట్టిలో పుట్టి పెరిగినదాన్నే ఒకదాన్ని తీశాడు. తనే బూడిదతో రుద్ది కడిగి అక్క చేతికిచ్చాడు.

అన్నం కలిపి తినిపించిందీ ఆయనే. అమ్మ కళ్లు మూసుకుని నమిలింది.

"జన ఉందే. ఆడదాన్నే తీశావా అల్లుడూ?"

"కూరకు తీశానత్తా."

రెండు ముద్దలకే చాలంది. ఆమె వదిలిన అన్నాన్ని బావ ఆ మంచం పక్కనే కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.