బాపు సంతకం

"మీ నాయిన సంతకం ఏది?"

పాలకుర్తి మీసేవలో కంప్యూటర్ ముందు కూర్చున్న అన్న నా కాగితాలు తిరగేసి అడిగాడు. నేను అప్పుడే జనగామలో డిగ్రీలో చేరాను. ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ వస్తేనే నాకు చదువు. లేకపోతే అమ్మతో పాటు పత్తి ఏరడానికి పోవడమే. దరఖాస్తుకు ఆదాయం సర్టిఫికెట్ జతచేయాలి. దానికి ఇంటి పెద్ద సంతకం కావాలి.

"మా బాపు ఊళ్లె లేడన్నా," అన్నాను.

"ఏ ఊళ్లె ఉంటే ఆ ఊరికి పోయి పెట్టిచ్చుకరా. రేషన్ కార్డుల పేరు ఆయనదే గదా. విచారణ నాడు మనిషి గూడ రావాలె."

బాపు మమ్మల్ని విడిచిపోయి అప్పటికి నాలుగేళ్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరికీ ఎందుకు చెడిందో అమ్మ ఎన్నడూ చెప్పలేదు. కొట్టుకున్నదీ లేదు, అరుచుకున్నదీ లేదు. ఏడాది పొడుగునా మాటలు తగ్గుతూ వచ్చాయి, ఒకరోజు పూర్తిగా ఆగిపోయాయి. భూపాలపల్లి దిక్కు చిట్యాలలో మోటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడని, ఒక్కడే ఉంటున్నాడని ఊళ్లోవాళ్లు చెప్పగా విన్నాం.

ఆ సాయంత్రం అమ్మకు సంగతి చెప్పాను. ఆమె అన్నం వారుస్తోంది. గంజి మొత్తం దిగాక గిన్నె నిలబెట్టింది.

"నాకైతే ఆయన సంతకంతోని పని లేదు. నీకుంటే పో," అంది.

హనుమకొండలో ఒక బస్సు, పరకాలలో ఇంకో బస్సు మారి చిట్యాలలో దిగేసరికి పన్నెండు దాటింది. దుకాణం వెతకడం కష్టం కాలేదు. ముందర కాలిపోయిన మోటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. లోపల ఒక మనిషి తల వంచుకుని రాగితీగ చుడుతున్నాడు. వెనక జుట్టు పలచబడింది. దుమ్ముకు నేను ముఖానికి స్కార్ఫ్ కట్టుకుని ఉన్నాను. అతను తలెత్తి ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

"ఎన్ని హెచ్‌పీ మోటరమ్మా?"

నేను స్కార్ఫ్ విప్పాను. ఆయన చేతిలో తీగ వదులై చుట్టంతా జారిపోయింది. లేచి నిలబడ్డాడు. వార్నిష్ అంటిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

"అమ్మ మంచిగున్నదా?" అన్నాడు ముందుగా.

పక్కన చాయ్ హోటల్ నడిపే ముసలామె గ్లాసు పట్టుకుని వచ్చి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నీ బిడ్డెనా? యా అల్లా! తొమ్మిదో తరగతి చదువుతది, చిన్నపిల్ల అని చెప్తివి గదా నాకు!"

బాపు సిగ్గుపడ్డట్టు నవ్వాడు. ఆయన లెక్కలో నేను నాలుగేళ్లుగా తొమ్మిదో తరగతిలోనే ఉన్నాను. ఆ మాటకు నాకు కోపం రావాలి, రాలేదు. ఎవరికో ఒకరికి నా గురించి చెప్పుకుంటున్నాడన్నదే నా మనసుకు పట్టింది.

ఆ రోజే కాగితం మీద సంతకం పెట్టాడు. వారం తర్వాత విచారణకు బాపు పాలకుర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఊళ్లోకి రానని ముందే చెప్పాడు. మండల ఆఫీసు వరండాలో బెంచీ మీద ఇద్దరం పొద్దంతా కూర్చున్నాం. నేను ఏమేం చదువుతున్నానో అడిగాడు. బాటనీ అంటే ఏందని అడిగాడు. చెట్ల చదువు అంటే తల ఊపి, చిన్నప్పుడు నేను గునుగు పూలు కోసుకొస్తూ చేయి కోసుకున్న సంగతి చెప్పాడు. నాకది గుర్తే లేదు. నా గురించి నాకు తెలియనివి ఆయన దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో అనిపించింది.

మూడు దాటాక గిర్దావర్ సార్ పిలిచాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను మా దిక్కు అట్లా అంటారు. ఆయన కాగితం చూస్తూ అడిగాడు.

"అందరు ఒక్క ఇంట్లనే ఉంటరా?"

బాపు నా వైపు చూడలేదు.

"ఉంటం సార్," అన్నాడు.

అబద్ధమని నాకు తెలుసు. అయినా నా చెవులకు అంత హాయిగా వినబడిన మాట ఆ నాలుగేళ్లలో ఇంకొకటి లేదు. బయటికి వచ్చాక ఆయన మిర్చి బజ్జీలు కొనిచ్చి, నేను తింటుంటే చూస్తూ నిలబడి, పరకాల దిక్కు పోవడానికి హనుమకొండ బస్సెక్కాడు. ఇంటికి వెళ్లాక ఎట్లా ఉన్నాడని అమ్మ అడగలేదు. పని అయిందా అని మాత్రం అడిగింది.

స్కాలర్‌షిప్‌ను ప్రతి ఏడూ రెన్యూవల్ చేయించాలి. రెండో ఏడు క్లాసులో అందరూ తిట్టుకున్నారు. మళ్లీ సర్టిఫికెట్లు, మళ్లీ లైన్లు. నేను మాత్రం దరఖాస్తులు ఎప్పుడు మొదలవుతాయా అని నోటీసు బోర్డు చూస్తూ ఉన్నాను. పండుగలకు కూడా అంతగా ఎదురుచూసినట్టు గుర్తులేదు. బాపు వచ్చాడు. అదే బెంచీ. ఆ ఏడు, మధ్యాహ్నం పూట, అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగాడు. దవాఖానకు పోతలేదని చెప్తే, "మొండిది," అన్నాడు నేల వంక చూస్తూ. అందులో కోపం లేదు.

మూడో ఏడు కాలేజీ ఆఫీసులో సార్ నా ఫైలు చూసి, "ఈ ఏడు ఎవ్వలకు కొత్త సర్టిఫికెట్ అక్కర్లేదమ్మా, పోయినేడు తీసిందే నడుస్తది," అన్నాడు. పక్కనున్న అమ్మాయిలు హమ్మయ్య అనుకున్నారు. నేను మెట్ల మీద కూర్చుని బాపుకు ఫోన్ చేశాను.

"సంతకం కావాలె బాపూ. మంగళారం రా."

అమ్మకూ అదే అబద్ధం చెప్పాను. మంగళవారం పొద్దున అమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. ఎత్తితే బరువుగా ఉంది. అంతకు ముందు రెండేళ్లూ ఆమె డబ్బా కట్టలేదు.

ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చున్నాం. ఒంటిగంట అయింది. ఇంకా పిలవడం లేదేమని బాపు నా చేతిలోని కాగితాలు తీసుకుని, నేను వద్దంటున్నా వినకుండా కిటికీ దగ్గరికి వెళ్లాడు. లోపలి మనిషి చూసి, "ఇది నడుస్తదే గదా, మళ్లెందుకొచ్చిన్రు?" అనడం నాకు వినబడింది.

బాపు మెల్లగా తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అయితే ఈ పొద్దు పనేం లేదన్నట్టు."

"లేదు."

"నీకు ముందే తెలుసా?"

తల ఊపాను. ఇంకొక మాట అడిగితే ఏడ్చేసేదాన్ని. ఆయన అడగలేదు. కాగితాలు జాగ్రత్తగా మడిచి కవర్‌లో పెట్టి, "డబ్బా విప్పు, తిందాం," అన్నాడు.

జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం. ఇద్దరికీ సరిపోయేటన్ని. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని బాపు నమలడం ఆపాడు. వరండాలో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకుని, చాలాసేపటికి మింగాడు. తిన్నాక బోరింగు దగ్గరికి వెళ్లి డబ్బా తనే కడుక్కొచ్చాడు.

అప్పుడు అడిగాను. "ఎందుకు పోయినవ్ బాపూ?"

"అది అడుగకు బిడ్డా. చెప్తే మా ఇద్దర్ల ఒకల్ది నీ ముందట తప్పనాలె. నాకది చాతగాదు."

"ఇంటికి పోదాం రా. జరసేపు కూసోని పోదువు."

ఊరి ఆటోలు ఆగే దాకా నాతో నడిచాడు. ఆటో నిండేదాకా నిలబడ్డాడు. ఎక్కుతాడనే అనుకున్నాను. ఆటో కదిలినప్పుడు చేయి ఎత్తాడు.

ఇంట్లో అమ్మ డబ్బా తీసుకుని మూత తెరిచి చూసింది. "కడిగిచ్చిండా?" అంది. ఔనన్నాను. దాన్ని అరలో బోర్లించి, అటు తిరిగే అంది: "నీతోని చదివే ఎదురింటి పిల్ల ఈ ఏడు ఆదాయం కాగితమే తియ్యలె. నాకు తెల్వదనుకున్నవా?"

అమ్మను కౌగిలించుకున్నాను. మోకాలు నొప్పి, ఒదులు అంది గానీ వదిలించుకోలేదు.

స్కాలర్‌షిప్ ఆలస్యంగానైనా వచ్చింది. డిగ్రీ అయిపోయింది. మహబూబాబాద్‌లో ఒక కాలేజీ ఆఫీసులో నాకు పని దొరికింది. స్కాలర్‌షిప్ ఫైళ్లు నా దగ్గరికే వస్తాయి. కొత్తగూడ అడవి ఊళ్ల నుంచి తెల్లారే బస్సెక్కి తండ్రులు కూతుళ్ల వెంట వస్తారు. "గిక్కడ గాదే బాపూ, గిక్కడ పెట్టు," అని పిల్లలు విసుక్కుంటుంటే వాళ్లు ఒక్కో అక్షరం కూడగట్టుకుని పేరు రాస్తారు. ఆ పిల్లల్ని చూసి నాకు అసూయ కలుగుతుంది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

ఉద్యోగం సంగతి ఫోన్లో చెప్పినప్పుడు బాపు సంతోషపడి, "ఇగ నా సంతకంతోని పనిలేకపాయె," అన్నాడు. పని లేకపోయినా రమ్మన్నాను. నేనుండే గది చూడడానికి ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఆదివారం ఆయన చాయ్‌కని పాలు ఎక్కువ తీసుకున్నాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, నాట్లు పడుతున్నాయని, కాలిన మోటర్లు దుకాణం బయటి దాకా పేరుకున్నాయని. తర్వాతి వారం ఎవరో రైతు వదల్లేదట. నేను చిట్యాల పోవచ్చు, రెండుసార్లు పోయాను కూడా. కానీ నా గడప ముందు ఆయన చెప్పులు విడిచి లోపలికి రావడం చూడాలని ఉంది. అమ్మకు ఈ మాట చెప్తే, "వస్తడు తియ్యి. వచ్చిన్నాడు నాకు ఫోన్ జెయ్యి, రొట్టెలు పట్టుకొస్త," అంది.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు అయ్యాయి. ఈసారి కూడా మిగిలిన పాలు తోడేస్తున్నాను.