నడుముకు కట్టిన పిన్నీసు

మా ఊరు మోక బస్టాండులో నిలబడితే ఖాళీ టిప్పరు వెనక తలుపు టకటకా కొట్టుకుంటూ పోయింది. ఎమ్మారై మిషనులోనూ అచ్చం అదే చప్పుడు. వెంటనే గంగమ్మ గుర్తొచ్చింది. బళ్ళారి ఆసుపత్రిలో ఆ మిషను నడిపే మనిషి. పోయిన ఏడు బదిలీ అయి వెళ్ళిపోయింది. నన్ను అవమానించినవాళ్ళలో నేను మర్చిపోనివాళ్ళు చాలామందే ఉన్నారు, ఈమె మాత్రం వేరుగా గుర్తుంటుంది.

నాకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు గడ్డ ఉందని తేలింది. ఆ మిషనులో ఒక ఫొటో తీసి, మందులు ఎక్కించాక మళ్ళీ తీస్తామనీ, గడ్డ కరిగితే ఆపరేషననీ, లేకుంటే రేడియేషను కరెంటు పెట్టాలనీ డాక్టరు చెప్పాడు. మందులకు ముందు తీసిన మొదటి ఫొటో రోజున, ఒంటిమీద ఇనుము ఏదైనా ఉందా అని గంగమ్మ రెండుసార్లు అడిగింది. లేదన్నాను. మా అత్త కట్టిన తాయెత్తు నడుము దారానికి పిన్నీసుతో వేలాడుతోంది, జబ్బు నయమయ్యేదాకా తియ్యొద్దని ఆమె ఒట్టు. మిషనులోకి పోగానే నడుము దగ్గర ఏదో లాగినట్టయింది. ఊరుకున్నాను.

కాసేపటికి గంగమ్మ వచ్చి నన్ను బయటికి లాగింది. పక్కకు తీసుకుపోయి కత్తెరతో దారం తెంపింది. "ఏందక్కా ఇది? గడ్డ ఉండేకాడే అంతా నల్లగా పడ్తాండాది. రెండుసార్లు అడిగినా కదా, నోరు యాడ పెట్టినావు?" వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా విన్నారు. దారం లేకుండా మళ్ళీ ఫొటో తీయించుకుని, ఆ రోజే ఫిర్యాదు పుస్తకంలో పేజీ నిండా రాశాను. పై అధికారి ఆమెను పిలిచి సంజాయిషీ అడిగాడని తర్వాత తెలిసింది.

మందులు అయ్యేసరికి జుట్టు ఊడింది, మెట్లెక్కే ఓపిక పోయింది. రెండో ఫొటోకు వేరేవాళ్ళు కావాలని అడిగాను. వేరేవాళ్ళు లేరు. గంగమ్మే వచ్చి నా మోకాళ్ళ కింద దిండు పెట్టింది. లోపల దగ్గొచ్చి కదిలాను. మళ్ళీ మొదటినుంచి తీసింది.

"నా మింద పగ తీర్చుకుంటాండావా?" అన్నాను.

"పగ పెట్టుకునేకి నాకు పురుసొత్తు యాడిదక్కా? సుమ్నే, కదలకుండా పండుకో. పోయినసారి ఎట్లా తీసినానో అట్లే తీయాల. అప్పుడే రెండూ పక్కపక్కన పెట్టి, కరిగిందో లేదో డాక్టరు చెప్పేది."

రెండూ పక్కపక్కన పెట్టే చూపించాడు డాక్టరు. మొదటిదాంట్లో నిమ్మకాయంత ఉన్నది, రెండోదాంట్లో చింతగింజంత. ఆపరేషను అయింది.

తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు ఫిర్యాదు కొట్టేయిస్తానని గంగమ్మతో చెప్పాను. క్షమించమనడం నాకు చేతకాదు, అంతవరకే చేతనైంది. ఆమె తలెత్తకుండా నవ్వింది.

"ఎందుకు కొట్టేయించేది? నేను అందరూ వినేటట్టు అరిచింది నిజమే గదా. నువ్వు పిన్నీసు దాచిందీ నిజమే. రెండూ ఉండనీ."

ఫిర్యాదులు రాయడం నేను మానలేదు. రేషను డీలరు మీద నిన్ననే ఒకటి మొదలుపెట్టాను. కాగితం ముందు కూర్చున్నానంటే మాత్రం, ఎందుకో ఓసారి చెయ్యి నడుము దగ్గరికి పోతుంది. తడుముకున్న తర్వాతే పెన్ను తీస్తాను.