నుదురు దాకా వచ్చిన బాబాయి

ఆ రోజుల్లో ఇంటర్నెట్ మన దగ్గరకు వచ్చేది కాదు, మనమే దాని దగ్గరకు వెళ్లాలి. వెళ్లి, చెప్పులు బయట విడిచి (ఎందుకు విడిచేవాళ్లమో ఇప్పటికీ తెలియదు; దుమ్ము పడకూడదని కొందరూ, భయభక్తులని కొందరూ అనేవారు), బెంచీ మీద మన వంతు కోసం కూర్చుని, మోడెం అనే డబ్బా కీచుమని, గరగరమని, నానా గోలా చేసి, చివరికి దయతలచి లైను కలిపితే అప్పుడు చూడడం. ఇప్పుడు మా అమ్మాయి పళ్లు తోముకుంటూ కూడా దాన్ని చూస్తుంటే నాకు ఏదో అపచారం జరుగుతున్నట్టే ఉంటుంది. బరంపురంలో పెద్ద బజారు దగ్గర ఒక మేడ మీదున్న కంప్యూటర్ సెంటర్లో నాకప్పుడే మొదటి ఉద్యోగం. ఇంటర్నెట్ అంటే ఏమిటో జనానికి పాఠం చెప్పడం నా పని. సర్వర్ అంటే ఇది, బ్రౌజర్ అంటే ఇది, డౌన్‌లోడ్ అంటే అక్కడిది ఇక్కడికి దింపుకోవడం అని సగం తెలుగులో, సగం ఒడియాలో చెప్పేదాన్ని. తెలుగులో ఇరుక్కుంటే ఒడియాలోకి, ఒడియాలో ఇరుక్కుంటే తెలుగులోకి దూకేసేదాన్ని. క్లాసులో ఉన్నవాళ్లందరికీ రెండు భాషలూ రావడం నా దురదృష్టం.

ఇంట్లో మాత్రం నాకు ఎదురు లేదు. మా తాతయ్య పురోహితులు. ఊళ్లో తెలుగువాళ్ల పెళ్లిళ్లు సగం ఆయన చేతి మీదుగా జరిగినవే. ఏ కొత్త సంగతి విన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తేగానీ ఆయనకు ముద్ద దిగదు. ఒక రోజు అన్నం కలుపుతూ, "అది సరే, ఆ ఇంటర్నెట్టు అసలెలగ మొదలైందే బుజ్జీ?" అన్నారు. నేను క్లాసులో చెప్పే ధోరణిలో మొదలుపెట్టాను. అమెరికాలో మిలటరీ డబ్బుతో, దూరదూరంగా ఉన్న యూనివర్సిటీల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపారనీ, మొట్టమొదటిసారి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక మాట పంపబోతే, రెండంటే రెండక్షరాలు వెళ్లాక అవతలి కంప్యూటర్ కూలబడిందనీ చెప్పాను. తాతయ్య చెయ్యి ఆగిపోయింది. "ముహూర్తం ఎవరు పెట్టేరు?" అన్నారు. ఎవరూ పెట్టలేదన్నాను. "అదీ సంగతి! అంత పెద్ద పని, మంచీ సెడ్డా సూడకుండా మొదలెట్టీసినారు. రెండక్షరాలైనా ఎల్లేయంటే ఆళ్ల అదృష్టం," అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఇంటర్నెట్ మంచిదే గానీ వేళ కాని వేళ పుట్టిందని ఆయన అభిప్రాయం.

ఇదిలా ఉండగా మా బాబాయి పెళ్లి సంగతి వచ్చింది. బాబాయి అంటే నాన్నగారి ఆఖరి తమ్ముడు, చికిటి హైస్కూల్లో సైన్సు మేష్టారు. మనిషి బంగారం. ఒక్క నుదురే కాస్త ఎక్కువ. అది ఏటేటా వెనక్కి జరుగుతూ నడినెత్తిని ఆక్రమించుకునే ఉద్దేశంలో ఉండేది. ఫోటో వెళ్లిన ప్రతిచోటి నుంచీ "ఇంకా చూస్తున్నామండీ" అనే జవాబు వచ్చేది. అలాంటి బాబాయి చికిటిలో ఎవరిదో పెళ్లికి వెళ్లి, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని చూశాడు. ఆవిడ పప్పుచారులో ఉప్పు లేదని వంటవాళ్లను నిలదీసి, తనే గరిటె పుచ్చుకుని సరిచేసి, బంతి అంతటికీ వడ్డించిందట. మావాడు విస్తట్లోనుంచి తలెత్తకుండానే, చేసుకుంటే ఈ అమ్మాయినే అని తేల్చుకున్నాడు. (తలెత్తకపోవడం వల్ల ఆవిడకు మావాడి నడినెత్తి తప్ప ఏమీ కనిపించి ఉండదని మా మామ్మ బాధ.) పెద్దల ద్వారా కబురు వెళ్లింది, జాతకాలు కలిశాయి. అప్పుడు అమ్మాయి అన్నగారు ఫోన్ చేసి, "మా ఆఫీసులో నెట్టు ఉంది, అబ్బాయి ఫోటో మెయిల్లో పంపండి. ఇంకో రెండు సంబంధాలు కూడా ఉన్నాయి. ఆషాఢం రాకముందే ఏదో ఒకటి తేల్చేస్తాం," అన్నాడు. ఇంట్లో అందరి చూపులూ నా మీద పడ్డాయి. నాకు ఒళ్లు పులకరించింది.

బాబాయి నన్ను పెరట్లోకి పిలిచి, చుట్టూ చూసి, "కంప్యూటర్లో జుట్టెట్టడం అవుద్దేటే?" అని గుసగుసగా అడిగాడు. ఎందుకవదన్నాను. సెంటర్‌కు తీసుకెళ్లి మౌసుతో నల్లరంగు పులిమి చూపిస్తే, తలమీద పిల్లి పడుకున్నట్టు వచ్చింది. తన బొమ్మ చూసి తనే జడుసుకుని, "తీసీ, తీసీ! ఉన్నదే పంపీ, ఏదైతే అదవుద్ది," అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు అతని మొహం చూస్తే మాత్రం నాకు నవ్వు రాలేదు. ఈ సంబంధం తప్పిపోతే మళ్లీ ఎవరికీ ఫోటో పంపనని అప్పటికే మామ్మతో అన్నాడట.

అసలు పరీక్ష తాతయ్య దగ్గర. పెళ్లి మాట రాసిన ఉత్తరం ఆయన ఎన్నడూ వేళ చూడకుండా పోస్టు డబ్బాలో వేయించలేదు. పంచాంగం ఒళ్లో పెట్టుకుని, "ఇక్కణ్నుంచి బయలెల్లి తిన్నగా ఖరగ్‌పూర్ ఎల్తాదా?" అన్నారు. లేదు, ముందు అమెరికాలో ఉన్న సర్వర్ దగ్గరకు వెళ్లి, అక్కడ కూర్చుంటుందన్నాను. "మంచిరోజు శుక్రవారమే గానీ ఆ రోజు పడమట వారశూల, అటు పయనం కూడదు. అమెరికా ఏ దిక్కు?" అన్నారు. ఇరుకున పడ్డానని తెలిసి, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎటునుంచైనా వెళ్లొచ్చన్నాను. "అయితే తూరుపు నుంచి పంపు," అన్నారు. ఇంటర్నెట్ నిపుణురాలినయి ఉండి కాదంటే పరువు పోతుందని, అలాగే తూర్పు నుంచే పంపుతానని ఒప్పుకున్నాను. అంతటితో ఊరుకోక, నా తెలివి కొద్దీ ఇంకో ముక్క కలిపాను: ఫోటో ఒక్కటిగా వెళ్లదు తాతయ్యా, చిన్నచిన్న ముక్కలై, ఒక్కోటి ఒక్కో దారిన వెళ్లి అక్కడ కలుస్తుంది. మామ్మ దేవుడి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "శుభమా అని పెళ్లికి పంపుతా పిల్లడిని ముక్కలు సెయ్యడమేటే!" అని ఒకటే గోల. ముక్కలు మళ్లీ అతుక్కుంటాయని ఎంత చెప్పినా, "నుదురు తేడా ఒస్తే ఎవలు సూసుకుంతారు?" అంది. చివరికి తాతయ్యే సర్ది చెప్పి, ప్రయాణమూ ఉంది, పెళ్లీ ఉంది కనుక ద్విస్వభావ లగ్నం బాగుంటుందని లెక్కగట్టి, శుక్రవారం ఉదయాన వేళ నిర్ణయించారు.

శుక్రవారం కుటుంబమంతా సెంటర్ మెట్లెక్కింది. మా సార్ ఒడియా ఆయన, ఎవరినీ నొప్పించలేని మనిషి. మామ్మ కొంగుముడి విప్పి, ఉత్తరానికి పూసినట్టే కంప్యూటర్ తెరకు నాలుగు మూలలా పసుపు పూస్తుంటే, "మౌసీ, టికే... టికే..." అని మెల్లిగా, కాస్త ఆగమని బతిమాలాడు గానీ ఆవిడ ఆగే రకం కాదు. మోడెం గోలపెట్టింది, లైను కలిసింది, ఫోటో మెయిల్‌కు ఎక్కింది. ఇక నొక్కడమే మిగిలింది. పెద్ద చెయ్యి పడాలని తాతయ్యను కూర్చోబెట్టాం. ఆయన ప్రార్థన చేసుకుని, మౌసు మీద చెయ్యి వేసి నొక్కారు. తెర మీద ఏదో పొడుగాటి జాబితా జారింది. ఆయన నొక్కింది కుడి బటన్. "ఎడమది నొక్కాలి తాతయ్యా," అన్నాను. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "శుభకార్యానికి ఎడమదేటే?" అని మళ్లీ కుడిదే నొక్కారు. మళ్లీ జాబితా జారింది. నేను బతిమాలుతున్నాను, ఆయన కుడిదే నొక్కుతున్నారు, బాబాయి గడియారం వైపూ, నా వైపూ చూస్తున్నాడు. "లగ్నం దాటిపోతాది నాన్నగారూ!" అని పాపం మొత్తుకున్నాడు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం మౌసు బటన్లను తారుమారు చేసే వీలు కంప్యూటర్లో ఉంటుందని కోర్సులో చెప్పారు. గబగబా మార్చేశాను. తాతయ్య కుడిది నొక్కారు, ఫోటో వెళ్లిపోయింది. సార్ చప్పట్లు కొట్టాడు. ఇన్నేళ్ల నా కంప్యూటర్ జీవితంలో అంతకన్నా గొప్ప పని నేను మళ్లీ చేయలేదు.

తర్వాత జవాబు కోసం ఎదురుచూపు. బాబాయి బడి వదలగానే చికిటిలో బస్సెక్కి వచ్చి, మెట్ల మీద నుంచే "ఒచ్చిందేటే?" అని అరిచేవాడు. వచ్చినరోజు నేనే చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: 'ఫోటో నుదురు దాకా వచ్చి ఆగిపోయినది. మిగతాది పంపగలరు.' అప్పట్లో ఫోటో తెర మీద పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా దిగేది. వాళ్ల ఆఫీసులో సరిగ్గా నుదురు పూర్తయ్యేసరికి లైను తెగింది. బాబాయి అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. "ఏది కనబడకూడదనుకున్నానో అదొక్కటే ఎల్లిందే," అన్నాడు. తాతయ్య మాత్రం చలించలేదు. ఖరగ్‌పూర్‌కు ఫోన్ చేసి, ఆ ఫోటో ఏ వేళకు తెరిచారని అడిగారు. శనివారం తొమ్మిదిన్నరకు చెల్లెల్నీ, అమ్మనూ ఆఫీసుకు తీసుకెళ్లి తెరిచానని అన్నగారు చెప్పాడు. "రాహుకాలం! పంపడానికి సూసేం గానీ తెరవడానికి సూడలేదు," అని ఫోన్లోనే తెరిచే ముహూర్తం కూడా పెట్టారు. నేను ఫోటోను బాగా చిన్నది చేసి మళ్లీ పంపాను. ఈసారి బాబాయి నుదురు నుంచి చొక్కా గుండీ దాకా క్షేమంగా చేరాడు. ముహూర్తబలమని తాతయ్య, ఫోటో సైజని నేను, ఎవరి గర్వం వాళ్లం దాచుకున్నాం. ఆషాఢం రాకముందే అమ్మాయి సరేనంది.

ఆ నుదురు చూశాక కూడా ఎలా ఒప్పుకుందని మాకందరికీ అనుమానమే. పిన్ని కాపురానికి వచ్చిన కొత్తలో పప్పుచారు పోపు పెడుతూ తనే చెప్పింది. "మిగతా ఇద్దరివీ పోస్టులో ఒచ్చినాయే. కవరు సింపేను, సూసేను, పక్కన పడీసేను. మీ బాబాయి అలగ కాదు కదా! ముందు కాసింత జుట్టొచ్చింది. తరవాత నుదురు మొదలైంది. ఒస్తంది, ఒస్తంది, ఒస్తనే ఉంది. నాయనా, ఇంకా ఎంతుందిరా అనుకున్నాను. ఈలోగా లైను తెగిపోయింది. ఇంటికెల్లినా అదే ద్యాస, కళ్లెలగుంటాయో, నవ్వుతన్నాడో నేదో అని. మిగతాది ఒచ్చీసరికే ఆ మనిషి కోసం ఎదురు సూడ్డం అలవాటైపోయింది," అంది. గుమ్మంలో నిలబడ్డ బాబాయి అది విని, తన నుదురు తనే ఒకసారి నిమురుకున్నాడు.

ఇప్పుడు మేం బరంపురం అంచున అంకులిలో ఉంటున్నాం. తాతయ్యా మామ్మా లేరు. వాళ్లుంటే ఇప్పటి ఫోన్లో కుడీ ఎడమా లేవని ఎంత సంతోషించేవారో అనుకుంటాను. బాబాయి రిటైరయ్యాడు. వీడియో కాల్ చేస్తే ఫోన్ ఎలా పట్టుకుంటాడో ఏమో, తెరనిండా నుదురే. ఇప్పుడది నడినెత్తి కూడా దాటిపోయింది. వెనక నుంచి పిన్ని గొంతు వినిపిస్తుంది, "మిగతాది పంపగలరు!" అని. మొన్న భువనేశ్వర్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి నాతో మాట్లాడుతూ, "అమ్మా, నుదురు తప్ప ఏం కనబడట్లేదు. ఫోన్ పట్టుకోవడం కూడా రాదేటి నీకు?" అని విసుక్కుంది. బరంపురానికంతటికీ ఇంటర్నెట్ నేర్పినదాన్ని, నాకే ఈ మాట. ఫోన్ సరిచేయబోయి, చెయ్యి ఆపి, ఇంకాసేపు అలాగే ఉంచాను. కాస్త ఎదురుచూడనీ అనిపించింది.