మేరె ఆంటీ ముత్తాతకు దసరా లడ్డూలు

రెండు ప్రాచీన సంస్కృతుల సంఘర్షణ, ఒక పూర్వీకుడి ఆగ్రహం, ఒక ఉద్యోగి పతనం: ఇది అలాంటి మహాగాథ. అని మొదలుపెడితే బాగుంటుంది గానీ, నిజానికి జరిగింది ఒక గిన్నెడు లడ్డూల గొడవ.

నేను ముప్ఫై రెండేళ్లకే రిటైరయ్యాను. కాంట్రాక్టు రెన్యూ కాకపోవడాన్ని మా ఇంట్లో అలా అంటాం. అంతకుముందు బ్లాక్‌టౌన్ దగ్గర ఒక చిన్న స్థానిక చరిత్ర మ్యూజియంలో ఎడ్యుకేషన్ ఆఫీసర్ని. హోదాలో క్యూరేటర్‌కి చాలా కింద, కాఫీ మెషీన్‌కి కాస్త పైన. బడిపిల్లలకి పాత పాలక్యాన్లు, ఇటుకలు చూపించడం నా పని. ఒక అక్టోబరులో, నాలుగో టర్మ్ మొదట్లో, ప్రొబేషన్ ఇంకా తీరకుండానే న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల వారసత్వ కార్యక్రమం నా చేతిలో పెట్టారు.

దానికి ప్రాణం ఒక చెక్కబొమ్మ. న్యూజిలాండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మేరె ఆంటీ, తన ముత్తాత రూపాన్ని మాకు అరువిచ్చారు. అరువు పత్రంలో ఆవిడ షరతు ఒక్కటే: ఆయన దగ్గరికి తిండి రాకూడదు. పూర్వీకుల పవిత్రతనీ భోజనాన్నీ వాళ్లు కలపరు. షరతు తప్పితే బొమ్మ వెనక్కి పోతుంది. దాంతోపాటు ఆ టర్మ్‌కి స్కూళ్లు చేసుకున్న బుకింగులన్నీ పోతాయి, వాటి వెనకాలే నేనూ.

పత్రం చదివాను, సంతకం చేశాను, ఫైల్లో పెట్టాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

ఆ మనిషి సుగుణ ఆంటీ. రిటైరైన మత్తు డాక్టరు, గిరావీన్ నుంచి వచ్చే మా వాలంటీరు. మొదటి స్కూలు బస్సు రావాల్సిన రోజే దసరా పడింది. ఆంటీ పొద్దున్నే తాళం తీసి ఆయుధపూజ కానిచ్చేశారు. టికెట్ మెషీన్‌కి, వాక్యూమ్ క్లీనర్‌కి, బొమ్మ ఉన్న అద్దాలపెట్టెకి కుంకుమబొట్లు. పెట్టె ముందు స్టీలు గిన్నెలో లడ్డూలు.

"ఆంటీ, ఏంటిది!"

"పూజ నాన్నా. వాక్యూమ్‌కి చేసి పెద్దాయనకి చెయ్యకపోతే ఫీలవరూ?"

గిన్నె తియ్యబోతుంటే వెనకాల మేరె ఆంటీ, బడిపిల్లలకి తమ పద్ధతిలో స్వాగతం పలకడానికి వచ్చారు. ఆవిడ గిన్నెని చూశారు, బొట్టుని చూశారు, చివరికి నన్ను చూశారు. అక్కడున్నది వస్తువు కాదనీ, తన మనిషనీ, తిండి వెంటనే బయటికి వెళ్లాలనీ మెల్లగా చెప్పారు. అరిచినా బాగుండేది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. సుగుణ ఆంటీ ఒప్పుకోలేదు.

"సారీ డార్లింగ్, బట్ ఇన్ అవర్ హౌస్ గ్రాండ్‌ఫాదర్ ఈట్స్ ఫస్ట్!"

"ఇన్ అవర్స్, హి వాచెస్ హిస్ వెయిట్," అని మేరె ఆంటీ నవ్వేశారు.

తర్వాత నన్నడిగారు: స్వాగతం ముగిశాక పక్కగదిలో అతిథులు ఏదైనా తిని తీరాలి, అప్పుడుగాని ఆ పవిత్రత బరువు దిగి మామూలు లోకంలో పడరు, మరి ఏం తెప్పించావు? ఏమీ తెప్పించలేదు. ఆ విధంగా లడ్డూలు పక్కగదికి వెళ్లి, నేరం నుంచి సంప్రదాయానికి ప్రమోట్ అయ్యాయి.

ఆ హోదా టీచరు వచ్చేదాకానే. జీడిపప్పుందా అని అడిగింది. ఉంది. అలర్జీల భయంతో వాళ్ల స్కూల్లో జీడిపప్పు, బాదంలాంటివి నిషేధం. పిల్లలు టీచరు సంచీలోని చప్పిడి బిస్కెట్లతో ఆ ప్రాచీన క్రతువు ముగించారు. లడ్డూలు ఆంటీలిద్దరూ ఖాళీ చేశారు. బొమ్మ ఉండిపోయింది, ఆ టర్మ్‌కి నేనూ.

నేర్చుకున్నది ఇంతే: అరువు పత్రం సంతకం పెట్టేవాడికన్నా ముందు, తాళంచెవి ఉన్నవాళ్లు చదవాలి. ఇంకొకటి, అద్దం మీది కుంకుమని తడిగుడ్డతో తుడిస్తే కార్పెట్ మీదికి కారుతుంది. మా కార్పెట్ చదరాలుగా పరిచినది కాబట్టి ఒక్క చదరం మార్చారు.