దుంగ మీద కూర్చున్న కండక్టరత్త

మా కండక్టరత్త పోయిందని విశాఖ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చేసరికి నేను బడిలో హాజరు వేస్తున్నాను. ఏడవాల్సింది పోయి ముందు నవ్వొచ్చింది. ముందురోజే, నర్సు డిశ్చార్జి పేర్లు చదువుతుంటే, "దిగాల్సినోలు ముందుకి రండమ్మా" అని వార్డంతటినీ నవ్వించింది. అందరికన్నా ముందు తనే దిగిపోయింది.

మా నాన్నకి అక్క. అరకు ఘాట్ బస్సులో కండక్టరు. ఏ మలుపులో ఎవరికి కడుపులో తిప్పుతుందో మొహం చూసి చెప్పేసేది, అడక్కుండానే నిమ్మకాయ చేతిలో పెట్టేది. అరకులోనే ఇల్లు కట్టుకుంది. రిటైరయ్యాక కాస్త కుదురుగా కూర్చుంటుందనుకున్నాం. ఆటో నేర్చుకుంది.

కొండమీది ఊళ్ల నుంచి గర్భిణుల్ని కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకురావడం ఆవిడ బస్సులోంచి చూస్తూనే ఉండేది. వాళ్లని ఆసుపత్రికి చేర్చే చిన్న సేవాసంస్థకి జీపు కొనిపెడతానని మాటిచ్చేసింది. చేతిలో పైసా లేదు. కురుపాం నుంచి గూడెం కొత్తవీధి దాకా ఆటోలో తిరిగి చందాలు పోగుచేస్తానంది. తోడు నేనట.

"ఏటే గుంటా, బయవా? ఎనకాల కూకుని దేవుణ్ణి తలుసుకో. బండి నాను సూసుకుంతాను."

చందా ఇచ్చినవాళ్లకి టిక్కెట్టు చింపి ఇచ్చేది. అందుకోసమే అచ్చు వేయించింది. నాకేమో ఒకరిని అడగాలంటే చచ్చేంత సిగ్గు. "సిగ్గేటే? ఊరికే తీసుకుంతన్నామా, టిక్కెట్టిత్తన్నాం కదా" అనేది. మైదానంలో జనం మాకు టీలు తాగించారు, ఆటో పక్కన ఫోటోలు దిగారు, తెగ మెచ్చుకున్నారు. చందా మాత్రం తరవాత చూద్దామన్నారు. ఘాట్ ఎక్కేసరికి మా డబ్బాలో ఉన్నదానికి జీపు మాట దేవుడెరుగు, జీపు టైరు కూడా రాదు.

టైడా ఊరు దాటామో లేదో, రోడ్డుకి అడ్డంగా దుంగ. చైత్రమాసం, కొండ ఊళ్లలో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు ఇలా బళ్లాపి పండగ డబ్బులు అడుగుతారు. నా ప్రాణం ఉసూరుమంది.

"మనమే అడుక్కుంటున్నాం, మనల్నే అడుగుతున్నారు. ఈ రోజులే దొరికాయా అత్తా నీకు?"

"ఈ రోజులే ఏరుకున్నాను" అంది తాపీగా.

దిగి, తన పర్సులోంచి నోటు తీసి వాళ్ల చాటలో వేసి, డబ్బులిచ్చినవాళ్లకి పెట్టే పువ్వు చెవిలో పెట్టించుకుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పండక్కి బస్సాపితే ఆవిడ సొంత డబ్బులే ఇచ్చేదట. అక్కడ అందరికీ ఆవిడ తెలుసు. "ఇన్నేళ్లూ నానిచ్చేను. ఇయ్యేల మీరియ్యాల" అని డబ్బా చూపించి జీపు సంగతి చెప్పింది.

ఒక ముసలమ్మ పక్కనున్న కోడల్ని, ఆ పిల్ల చంకలో బిడ్డని చూపించింది. "దీన్ని డోలీలోనే మోసినాం. దార్లోనే కనీసినాది" అంది. తరవాత అత్త చెయ్యి పట్టుకుని, "కూకో కండట్రమ్మా" అని దుంగ మీద కూర్చోబెట్టింది.

ఇక చూడాలి ఆ సంబరం. అరకు చూడ్డానికొచ్చిన కార్లన్నీ ఆగాయి. వీళ్లు ధింసా ఆడుతుంటే అత్త తన పాత కండక్టరు విజిలేసి టిక్కెట్లు చింపుతోంది. ఒకాయన టిక్కెట్టు తిప్పి తిప్పి చూసి, "ఇదెక్కడికండీ?" అన్నాడు.

"ఆస్పటలుకి బాబూ. నువ్వు కాదులే, కడుపుతో ఉన్నోలు ఎల్తారు."

ఆయన నవ్వి ఇంకో రెండు కొన్నాడు. వచ్చిందాంట్లో పండక్కి సగం, జీపుకి సగం. బయల్దేరేటప్పుడు విజిలు ముసలమ్మకిచ్చేసింది. మాకన్నా ముందే కబురు ఊరూరా పాకిపోయింది. కొత్తవీధి దాకా ప్రతి దుంగ మీదా అత్తకో చోటు సిద్ధంగా ఉండేది. జీపు వచ్చింది. నాకూ సిగ్గు పోయింది. ఇప్పుడు మా బడిపిల్లలకి చెప్పులు కావాలన్నా, పుస్తకాలు కావాలన్నా వెళ్లి అడిగేస్తాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

మొన్న ఆవిడని చివరిసారి అదే జీపులో ఆసుపత్రి నుంచి అరకు తీసుకెళ్లాం. సన్నగా వాన. టైడా దాటగానే రోడ్డుకి అడ్డంగా దుంగ. పండగా లేదు, ఏమీ లేదు. నేను పర్సు తీస్తే ఆనాటి ముసలమ్మే నా చెయ్యి నెట్టేసింది. అత్త చెవిలో పువ్వు పెట్టి, "కండట్రమ్మా, నెమ్మదిగా ఎల్లు" అంది. రెండుసార్లు విజిలేసింది. దుంగ లేచింది, జీపు కదిలింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. మా వెనకొస్తున్న కారు ముందు దుంగ మళ్లీ దిగింది.

"జీపు డీజిలుకమ్మా. అప్పుడప్పుడూ ఇలా దుంగేత్తారు" అన్నాడు డ్రైవరు.

వెనక నుంచి ఒక్కటే విజిలు వినిపించింది, పొడుగ్గా, ఆ కారు ఆపమని.